లక్క మెరుగు

క్రీ.శ. 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుని ఆస్థానాన్ని అలంకరించిన నన్నయభట్టు గోదావరీ తీరంలోని రాజమహేంద్రవరంలో ఆంధ్ర మహాభారత రచనకు శ్రీకారం చుట్టాడు. ఆయన తెలుగు చేసిన ఆదిపర్వంలో లాక్షాగృహ దహన కథ ఉన్నది. దుర్యోధనుని ప్రేరణతో పురోచనుడు వారణావతంలో పాండవుల కోసం ఒక భవనం నిర్మింపజేశాడు. లక్క, నెయ్యి మొదలైన పదార్థాలు కలిపి కట్టిన ఆ ఇల్లు చూపులకు మనోహరం. నిప్పు తగిలితే క్షణాలలో బూడిద. విదురుని హెచ్చరికను గ్రహించిన పాండవులు సొరంగ మార్గాన తప్పించుకొన్నారు. ఈ కథ తెలియని తెలుగువారు అరుదు.

లక్కకు మండే గుణం ఒకటి. మండటానికి ఎంతో ముందే, కొద్దిపాటి వేడికే మెత్తబడి, చల్లారగానే తిరిగి గట్టిపడే గుణం మరొకటి. వారణావతంలో కుట్రదారులకు మొదటి గుణం పనికివచ్చినది. రెండవ గుణం తరిమెన పనివారికి తరతరాలుగా అన్నం పెడుతున్నది.

తరిమెన అంటే కర్రను రెండు మొనల నడుమ బిగించి గిరగిర తిప్పుతూ, ఉలి ఆనించి గుండ్రని ఆకారం తెచ్చే సాధనం. కుమ్మరి సారె మట్టికి చేసే ఉపకారాన్ని తరిమెన కర్రకు చేస్తుంది. నేడు ‘లేత్ మిషన్’ అన్న మాటే వాడుకలో ఎక్కువ. ‘తరిమెన పట్టిన కోళ్ళు’ అన్న మాట మాత్రం పెద్దల నోట ఇంకా వినవస్తుంది. గోదావరి డెల్టాలోని పాత మండువా లోగిళ్ళలో తరిమెన పట్టిన వస్తువులకు కొదవ లేదు. పందిరిమంచం కోళ్ళు, ఉయ్యాల కోళ్ళు, మేడమెట్ల పక్కన వరుసగా నిలిచే కటకటాల ఊచలు, కవ్వం, పప్పుగుత్తి, కుంకుమభరిణె, చదరంగపు పావులు, పిల్లల బొంగరాలు అన్నీ ఆ సాధనం మీద పుట్టినవే. ఎగువ అడవులలోని టేకు దుంగలను తెప్పలుగా కట్టి గోదావరి మీదుగా దిగువకు తెచ్చిన రోజులలో రాజమహేంద్రవరం పెద్ద కలప రేవుగా ఉండేది. కలప అందుబాటులో ఉన్నచోట కర్రపని వృద్ధి చెందటం సహజం.

అయితే ఆకారం వచ్చినంత మాత్రాన వస్తువు పూర్తి కాదు. ఉలి విడిచిన కర్ర ఎంత నునుపుగా కనబడినా దానిలో కంటికి కనబడని సూక్ష్మరంధ్రాలు అసంఖ్యాకంగా ఉంటాయి. చేతి చెమట, నూనె, దుమ్ము, గాలిలోని తేమ వాటిలో చేరి కర్ర మాసిపోతుంది, ఉబ్బుతుంది, పగులుతుంది. ఏడాదిలో సగం కాలం గాలి తేమతో బరువెక్కి ఉండే డెల్టా ప్రాంతంలో ఈ బాధ మరీ ఎక్కువ. కనుకనే తరిమెన నుండి దించక ముందే వస్తువుకు మెరుగు పట్టిస్తారు. తిరుగుతున్న కర్ర మీద మెరుగు పదార్థాన్ని ఒత్తిపట్టి, ఆ రాపిడిలో పుట్టే వేడితోనే దానిని పరచి గట్టిపరచటాన్ని రాపిడి మెరుగు అనవచ్చు. బజారులో దీనికి ‘ఫ్రిక్షన్ పాలిష్’ అని పేరు. పేరు కొత్తదే గాని పని పాతది. దానికి మూలద్రవ్యం లక్కయే.

లక్క చెట్టు బంక కాదు. చాలామంది అలా పొరబడతారు. మోదుగ, రేగు, కుసుమ్ మొదలైన చెట్ల లేతకొమ్మల మీద స్థిరపడి రసం పీల్చే ఒక సూక్ష్మ కీటకం తన శరీరాన్ని కాపాడుకొనటానికి స్రవించే పదార్థమది. శాస్త్రజ్ఞులు ఆ కీటకాన్ని ‘కెర్రియా లక్కా’ అని పిలుస్తారు. లక్షల కొలది కీటకాలు ఒక్కచోట గుమికూడటం వల్లనే సంస్కృతంలో దీనికి ‘లాక్ష’ అన్న పేరు వచ్చినదని కొందరు అంటారు. ఆ మాటే ప్రాకృతం మీదుగా తెలుగులో లక్క అయినది. స్త్రీలు పాదాలకు పూసుకొనే లత్తుక ఎరుపు కూడా ఈ కీటకపు వరమే. నేటి జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాల అడవులు దేశంలో లక్కకు ముఖ్య స్థానాలు. జార్ఖండ్‌లోని రాంచీలో 1924లోనే లక్క పరిశోధన సంస్థ నెలకొన్నది. గిరిజన కుటుంబాలు కొమ్మల నుండి లక్కను గీకి తీసి, కడిగి, ఎరుపు రంగును వేరుపరచి అమ్ముతాయి. అలా కడిగిన గింజలక్కను కరిగించి పలుచని రేకులుగా సాగదీస్తే షెల్లాక్ తయారవుతుంది. ప్లాస్టిక్ రాకముందు ప్రపంచమంతటా గ్రామఫోను రికార్డులు ఈ పదార్థంతోనే చేసేవారు. పాతతరం విన్న హరికథలు, నాటక పద్యాలు ఒక కీటకపు లాలాజలం వంటి పదార్థం మీద ముద్రితమైనవంటే ఆశ్చర్యమే. మందుబిళ్ళల పైపూతలోను, కొన్ని మిఠాయిల మెరుపులోను నేటికీ శుద్ధిచేసిన లక్కను వాడుతున్నారు.

లక్క సుమారు 65 నుండి 80 డిగ్రీల సెల్సియస్ మధ్య మెత్తబడి కరుగుతుంది. నీరు మరిగే వేడి కూడా దానికి అక్కరలేదు. చలికాలంలో రెండు అరచేతులను గట్టిగా రాస్తే వెచ్చదనం పుట్టినట్లే, వేగంగా తిరిగే కర్రకు లక్కకడ్డీని ఆనించి ఒత్తితే ఆ రాపిడికి కావలసినంత వేడి పుడుతుంది. ఇక్కడ వేగానికి ఒక లెక్క ఉన్నది. నిమిషానికి 1500 చుట్లు తిరిగే తరిమెన మీద 5 సెంటీమీటర్ల అడ్డుకొలత గల బొంగరం ఉన్నదనుకొందాం. దాని అంచు మీది ఒక బిందువు సెకనుకు దాదాపు 4 మీటర్లు ప్రయాణిస్తుంది. అడ్డుకొలత 10 సెంటీమీటర్లయితే ఆ వేగం రెట్టింపు అవుతుంది. అదే వస్తువు నడిబొడ్డున వేగం దాదాపు శూన్యం. కనుక ఒక పళ్ళెం అంచున లక్క కరిగి ప్రవహిస్తున్నప్పుడే దాని మధ్యభాగంలో అసలు వేడే పుట్టదు. నేర్పరి అయిన పనివాడు అంచు దగ్గర చేతిని తేలిక చేసి, మధ్యకు వచ్చేకొద్దీ ఒత్తిడి పెంచుతాడు. ఈ లెక్క అతడు కాగితం మీద వేసినది కాదు; అతని మణికట్టుకు తెలిసినది.

తెలుగునాట ఈ విద్యకు ఆటపట్టు ఏటికొప్పాక. రాజమహేంద్రవరం నుండి విశాఖపట్నం వైపు రైలులో వెళ్ళేవారికి తుని దాటిన తరువాత నర్సీపట్నం రోడ్, ఎలమంచిలి స్టేషన్లు వస్తాయి. ఆ పరిసరాలలో వరాహనది ఒడ్డున ఈ గ్రామం ఉన్నది. పూర్వం విశాఖపట్నం జిల్లాలో ఉండిన ఈ గ్రామం 2022 నుండి అనకాపల్లి జిల్లాలో భాగమైనది. ఇక్కడి కర్రబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద కొలువుదీరినవి కూడా ఏటికొప్పాక బొమ్మలే.

అక్కడివారు బొమ్మకు ఎన్నుకొనే కలప అంకుడు. అది తెల్లని, మెత్తని, సన్నని పోగు గల కర్ర. ఉలికి ఎదురు తిరగదు, ఆరిన తరువాత చీలదు. దంతం వలె నునుపు తేలుతుంది. టేకు వంటి కలపకు సహజమైన రంగూ, నూనె గుణమూ ఉండటం వల్ల లేతరంగు లక్క దాని మీద వెలవెలబోతుంది. అంకుడు మాత్రం తెల్లకాగితం వంటిది. ఏ రంగు వేస్తే ఆ రంగే పలుకుతుంది. కొట్టి తెచ్చిన కొమ్మలను బెరడు తీసి, నీడపట్టున తగినంత కాలం ఆరనిస్తారు. ఈ ఆరబెట్టటంలో తొందరపడితే తరువాతి శ్రమ అంతా వృథా. లోపల తేమ మిగిలిన కర్ర మీద లక్క పట్టిస్తే, ఆ తేమ బయటకు వచ్చే దారి వెతుక్కొని పూతను పొక్కులుగా లేపుతుంది.

ఇక లక్క తయారీ చూడదగిన పని. గింజలక్కను కుంపటి మీద వేడిచేస్తే పాకం వలె సాగుతుంది. అందులో రంగు కలిపి, రెండు పుల్లలతో పట్టి లాగి, మడిచి, మెలిపెట్టి, మళ్ళీ లాగుతారు. తీర్థాలలో జీళ్ళపాకాన్ని మేకుకు తగిలించి లాగే వారిని చూసినవారికి ఈ పని వెంటనే బోధపడుతుంది. లాగినకొద్దీ రంగు సమంగా కలుస్తుంది. చివరకు దానిని కడ్డీలుగా చేసి చల్లారుస్తారు. రంగుకొక కడ్డీ.

బొమ్మ ఆకారం తేలిన తరువాత ఉప్పుకాగితంతో రుద్ది గీతలు లేకుండా చేస్తారు. మొదట గరుకు కాగితం, తరువాత క్రమంగా సన్నని కాగితం. ఇక్కడ మిగిలిన గీత ఏదీ పూత కింద దాగదు. పైగా మెరుపు వచ్చిన తరువాత ఇంకా స్పష్టంగా కనబడుతుంది. మెరుగు లోపాలను కప్పుతుందన్నది కొత్తవారి భ్రమ. నిజానికి అది లోపాలకు దీపం పట్టి చూపుతుంది. దుమ్ము తుడిచి, తరిమెనను తిప్పుతూ కడ్డీని ఆనిస్తే లక్క కరిగి వలయాలుగా అంటుకొంటుంది. అప్పుడు పూత హెచ్చుతగ్గులుగా, మచ్చలుగా ఉంటుంది. దానిని ఒక్క తీరున పరచేది మొగలి ఆకు.

మొగలిపువ్వు పరిమళం కావ్యాలలో ఎంతో ప్రసిద్ధం. దాని ముళ్ళ ఆకును ఎవరూ పొగడలేదు. కోనసీమ కాలువగట్ల మీద, సముద్రతీరపు ఇసుకనేలల్లో పొదలు పొదలుగా పెరిగే ఆ మొక్క ఆకు పొడవుగా, దళసరిగా, నారతో దృఢంగా ఉంటుంది. ముళ్ళ అంచులు తీసివేసి ఆకును మడిచి తిరుగుతున్న బొమ్మకు ఒత్తిపడితే, రాపిడి వేడికి లక్క మళ్ళీ మెత్తబడుతుంది. ఆకు నునుపుకు అది సమంగా పరచుకొంటుంది. ఆకు వేడికి కాలదు, లక్కకు అంటుకోదు. చేయి ఆపిన కొన్ని క్షణాలకే బొమ్మ అద్దం వలె తళతళలాడుతుంది. కర్ణాటకలోని చెన్నపట్నం బొమ్మల పనివారు కూడా ఇదే జాతి కర్రను, ఇదే మొగలి జాతి ఆకును వాడతారు. దూరదూరాన ఉన్న రెండు ఊళ్ళు ఒకే ఉపాయాన్ని నమ్ముకొనటం ఆ ఉపాయం యోగ్యతకు సాక్ష్యం.

విద్యుత్తు రాకముందు తరిమెనకు తాడు చుట్టి ఒకరు లాగుతుండగా మరొకరు పనిచేసేవారు. అప్పుడు కర్ర ఒకసారి ముందుకు, ఒకసారి వెనుకకు తిరిగేది. విద్యుత్ తరిమెన ఒకే దిశలో, ఎక్కువ వేగంతో తిరుగుతుంది. పని త్వరగా సాగుతుంది, నిజమే. కాని వేగం మితిమీరితే లక్క కరగటంతో ఆగక మాడుతుంది; లేత రంగులు నల్లబడతాయి.

కడ్డీ లక్క కాక ద్రవరూపంలోని రాపిడి మెరుగు మరొకటి ఉన్నది. కర్ర పోగు అందం కనబడాలని కోరేవారికి ఇది అనువైనది. షెల్లాక్ రేకులను స్పిరిట్‌లో కరిగించి, దానికి సమానంగా ఉడికించిన అవిసెనూనె చేర్చటం ఒక పాత పద్ధతి. అనగా షెల్లాక్ ద్రావణం, నూనె, స్పిరిట్ మూడూ సమపాళ్ళు. ఇందులో ఒక్కొక్కదానికి ఒక్కొక్క పని. స్పిరిట్ లక్కను మోసుకొని వచ్చి, వేడికి ఆవిరైపోతుంది. నూనె పోగులోకి ఇంకి కర్ర రంగును నిగ్గుతేలుస్తుంది. రుద్దే చేతికి జారుడునిస్తుంది. లక్క మాత్రం పైన పొరగా నిలుస్తుంది. కొందరు కొద్దిగా తేనెమైనం కూడా చేరుస్తారు. దాని వల్ల చేతికి మృదుత్వం కలుగుతుంది గాని వేలిముద్రలు పడతాయి, మెరుపు తగ్గుతుంది.

సీసాను బాగా కుదిపి, కొద్దిపాటి ద్రవాన్ని మెత్తని కాగితపు మడత మీద తీసుకొని, మొదట తరిమెనను ఆపి గాని, నెమ్మదిగా తిప్పుతూ గాని వస్తువంతటికీ పూయాలి. తరువాత వేగం పెంచి, అదే కాగితంతో మెల్లగా ఒత్తుతూ ఇటునుండి అటు జరపాలి. వేళ్ళకు వెచ్చదనం తెలియటం మొదలైతే మెరుగు కుదురుకొంటున్నదని గుర్తు. వెచ్చదనం మంటగా మారితే ఒత్తిడి ఎక్కువైనదని అర్థం. ఒకసారి పలుచగా, ఆరిన తరువాత మరొకసారి పలుచగా పూయటమే మేలు. ఒకేసారి దండిగా పోస్తే పైపొర ఆరి లోపొర పచ్చిగా మిగులుతుంది. రుద్దినకొద్దీ వలయాలు పడతాయి. పెద్ద పళ్ళేలకు, వెడల్పైన గిన్నెలకు ఈ మెరుగు అంతగా కలిసిరాదు. ఒక చివర పూసి మరొక చివరకు వచ్చేలోగా మొదటి చివర స్పిరిట్ ఆరిపోవటమే అందుకు కారణం. బొంగరాలు, కలం పిడులు, భరిణెలు, చదరంగపు పావులు వంటి చిన్న వస్తువులు దీనికి తగినవి.

ఈ పనిలో కాగితం వాడమనటానికి ప్రాణభయమే కారణం. గుడ్డముక్క తిరుగుతున్న కర్రకు చిక్కుకొంటే వేలును, ఆ వెంట చేతిని లాగివేస్తుంది; కాగితమైతే చిరిగిపోతుంది. పైపంచ, వదులు చేతుల చొక్కా, చేతిగాజులు, విడిచిన జుట్టు తరిమెన దగ్గరకు రాకూడదు. మరొక ప్రమాదం చాలామందికి తెలియదు. అవిసెనూనె అంటిన గుడ్డలను, కాగితాలను ఉండచుట్టి మూలకు విసిరితే అవి గాలిలోని ప్రాణవాయువుతో కలిసి తమంత తామే వేడెక్కి, నిప్పు ముట్టించకుండానే అంటుకొనవచ్చు. వాటిని విప్పి, పరచి, ఆరుబయట ఆరవేయాలి. లేదా నీటిలో ముంచాలి. స్పిరిట్ సీసా ఉన్న గదిలో పొయ్యి, చుట్ట, బీడీ నిషిద్ధం. లక్క ఇల్లు కాలటానికి పురోచనుడే అక్కరలేదు.

కరిగించి ఉంచిన షెల్లాక్‌కు వయోపరిమితి ఉన్నది. నెలలు గడిచేకొద్దీ అది స్పిరిట్‌తో కలిసి మార్పు చెంది, చివరకు ఎంత రుద్దినా గట్టిపడక జిగటగా మిగులుతుంది. రేకుల రూపంలో చల్లని చోట దాచుకొని, కావలసినంతే కరిగించుకొనటం తెలివైన పని. సందేహం కలిగితే ఒక గాజుముక్క మీద చుక్క వేసి చూడాలి. మరునాటికి గోరు దిగబడితే ఆ సీసాను పక్కన పెట్టవలసిందే. అలాగే ముసురు పట్టిన రోజున స్పిరిట్ మెరుగు పూస్తే, గాలిలోని తేమ పూతలో చిక్కుకొని తెల్లని పొగమంచు వంటి మచ్చ ఏర్పడుతుంది. డెల్టాలో శ్రావణ భాద్రపదాల కంటె, గాలి పొడిగా ఉండే మాఘ ఫాల్గుణాలు ఈ పనికి అనుకూలం.

ఇంతకూ ఏ వస్తువుకు ఏ మెరుగు తగును? వస్తువు రేపు ఎవరి చేతిలో, ఏ స్థలంలో ఉండబోతున్నదో ముందుగా యోచించాలి. లక్క మెరుగుకు నీరు, వేడి, సారాయి, సబ్బుక్షారం ఈ నాలుగూ శత్రువులు. వేడి కాఫీ గ్లాసు దింపితే మచ్చ పడుతుంది. తడి చెంబు పెడితే తెల్లని వలయం మిగులుతుంది. సబ్బునీటితో కడిగితే పూత కరిగి వెలిసిపోతుంది. కాబట్టి పప్పుగుత్తికి, కవ్వానికి, అట్లకాడ పిడికి లక్క పట్టించటం అవివేకం. పూర్వులు వాటిని మెరుగు లేకుండానే వదిలారు. నూనె, మజ్జిగ, చేతివాటమే వాటికి నునుపునిచ్చాయి. నలుగురూ తిరిగే మేడమెట్ల ఊచలకు, భోజనపు బల్లల కోళ్ళకు మెలమైన్, పాలీయురేథేన్ వంటి రసాయన పూతలు ఎక్కువ కాలం మన్నుతాయి. ఇది ఒప్పుకొనవలసిన సత్యమే. కుంకుమభరిణె, ఉయ్యాల కోడు, పూజాపీఠం, బొమ్మలు వీటికి మాత్రం లక్కకు సాటి లేదు. వాటిని పొడిగుడ్డతో తుడవాలే గాని కడగరాదు.

బొమ్మల విషయంలో మన్నిక కంటె పెద్ద ప్రశ్న ఒకటి ఉన్నది. పసిపిల్లలు బొమ్మను చూచి ఊరుకోరు, నోటిలో పెట్టుకొంటారు. పళ్ళు వచ్చే వయస్సులో దానిని కొరుకుతారు, చప్పరిస్తారు. శుద్ధమైన లక్క కడుపులోకి పోయినా ప్రమాదం లేదు. ప్రమాదమంతా అందులో కలిపిన రంగులో ఉన్నది. సులభంగా దొరికే, చవకైన, కంటికి కొట్టవచ్చే రసాయన వర్ణాలు వచ్చిన తరువాత లక్కపనివారు వాటి వైపు మొగ్గారు. అటువంటి పసుపు, నారింజ వర్ణాలలో కొన్ని సీసపు లవణాలు. సీసం శరీరంలోకి కొద్దికొద్దిగా చేరినా పసివారి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఆ నష్టం మళ్ళీ పూడదు. 2007లో సీసం కలిసిన రంగుల కారణంగా అమెరికాలో లక్షలకొలది బొమ్మలను అమ్మకం నుండి వెనుకకు తీసుకొనవలసి వచ్చినది. అవి లక్కబొమ్మలు కావు. కాని ఆ ఉదంతంతో రంగుల నాణ్యత ప్రపంచ వ్యాపారానికే ప్రశ్న అయినది.

ఏటికొప్పాకలో ఈ ప్రశ్నను అంతకు చాలా ముందే పట్టించుకొన్నవారు సి.వి.రాజు. మరుగునపడిన వృక్షజనిత వర్ణాలను వెదకి, వాటిని లక్కతో కలిసేటట్లు చేయటానికి ఆయన ఏళ్ళ తరబడి కృషి చేశారు. పసుపుకొమ్ముల నుండి పసుపు, జాఫ్రా గింజల నుండి నారింజ, నీలి మొక్క నుండి నీలం, లక్క కీటకం నుండి, మంజిష్ఠ వేళ్ళ నుండి ఎరుపు, కాచు నుండి గోధుమరంగు లభిస్తాయి. నీటిలో కరిగే వర్ణాన్ని నీటిని ఒప్పుకోని లక్కలో ఇమడ్చటం చెప్పినంత సులభం కాదు. పైగా కుంపటి వేడికి కొన్ని వర్ణాలు మాడతాయి, కొన్ని ఎండకు వెలుస్తాయి. ఈ కృషికి గుర్తింపుగా 2023లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీ పురస్కారంతో గౌరవించినది. నేడు ఏటికొప్పాక బొమ్మ పేరు చెప్పగానే కొనుగోలుదారు మొదట తలచేది ఈ సహజవర్ణాలనే.

అయితే ‘సహజం’ అన్న మాటను చూచి కన్ను మూసుకొనరాదు. ప్రాచీన వాఙ్మయంలో వర్ణద్రవ్యాలుగా పేరొందిన హరిదళం, ఇంగిలీకం, సిందూరం అన్నీ పాతకాలపువే. వాటిలో మొదటిది పాషాణపు సమ్మేళనం, రెండవది పాదరసపు సమ్మేళనం, మూడవది సీసపు సమ్మేళనం. గనిలో పుట్టినంత మాత్రాన, పూర్వులు వాడినంత మాత్రాన విషం విషం కాకపోదు. పరీక్షించి నిరపాయమని తేలిన రంగే పిల్లల బొమ్మకు తగినది. భారతదేశంలో బొమ్మలకు ప్రమాణముద్రను తప్పనిసరి చేసిన ఉత్తర్వు 2021 జనవరి 1 నుండి అమలులోకి వచ్చినది. నమోదైన చేతిపనివారికి, భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువులకు దాని నుండి మినహాయింపు ఇచ్చారు. ఇంటి ముందు కూర్చుండి నాలుగు బొమ్మలు చేసుకొనే కుటుంబం ప్రయోగశాల ఖర్చులు భరించలేదు కనుక ఆ మినహాయింపు న్యాయమైనదే. కాని దానితో పనివాని బాధ్యత రెట్టింపు అయినది. చట్టం అడగనిచోట కొనేవారికి అతని మాటే ప్రమాణం.

మరొక చిక్కు కలపది. అంకుడు చెట్టు ఎంతో ఉపకారి. దాని ఆకు నుండి కూడా ఒకప్పుడు నీలిరంగు తీసేవారు. అనగా బొమ్మకు కర్రా, రంగూ రెండూ ఇవ్వగల చెట్టది. నరికిన మొదలు నుండి మళ్ళీ చిగుర్చే స్వభావం దీనికి ఉన్నది. కొమ్మలను మాత్రమే కోసుకొని మొదలును కాపాడితే తిరిగి కలప లభిస్తుంది. కాని కొండవాలులు బోడులైనకొద్దీ పనివారు కర్ర కోసం దూరం వెళ్ళవలసి వస్తున్నది. దానిని తోటలుగా పెంచితే తప్ప ఈ చేతిపనికి కలప కరవు తీరదు. కలప లేకుంటే ఎంత మంచి లక్క ఉన్నా, ఎంత మంచి రంగు ఉన్నా కుంపటి వెలగదు.

లక్క మెరుగుకు శత్రువులు నలుగురున్నా, మరమ్మతు విషయంలో మాత్రం అది రసాయన పూతల కంటె మెరుగు. పాలీయురేథేన్ పూత పగిలితే దానిని పూర్తిగా గీకి తీసి మొదటి నుండి పూయాలి. లక్క అలా కాదు. తాత ఊగిన ఉయ్యాల కోడు మాసి, పగుళ్ళు బారి అటక మీద పడి ఉన్నదనుకొందాం. దానిని దించి, దుమ్ము తుడిచి, మళ్ళీ తరిమెనకు ఎక్కించి, అదే రంగు కడ్డీ ఆనిస్తే పాత లక్క వేడికి మెత్తబడి కొత్త లక్కతో ఏకమవుతుంది. మొగలి ఆకు రెండుసార్లు నడిచేసరికి పాత పొర ఏదో, కొత్త పొర ఏదో పూసినవాడు కూడా చెప్పలేడు.